గీతలు పడిన అద్దం

మా ఆయన పెద్దకర్మకు ముందు రోజు ఇల్లంతా కడిగారు. ఇత్తడి సామాను తోముతూ మా ఆడపడుచు, ఆయన టెలిస్కోపు గొట్టం అడుగున ఉండే అద్దాన్ని కూడా విప్పించి పళ్లేలు తోమే పీచుతో రుద్దేసింది. దాని మీద దుమ్మూ బూజు మచ్చలూ ఉన్నమాట నిజమే. మంచి మనసుతోనే చేసింది. మామూలు అద్దానికి పూత వెనక ఉంటుంది. దీనికి ముందు వైపే ఉంటుందని ఆమెకు తెలియదు. ఎనిమిది అంగుళాల అద్దం నిండా గీతలు.

కర్మ అయిన వారానికి మరిది మలేషియాలో, కువాలా సెలంగోర్‌లోని మా ఇంటికి వ్యాను వేసుకుని వచ్చాడు. పాడైన వస్తువును చూసి నేను కుమిలిపోతానని అతని భయం. మాట చివర మలయ్ వాళ్లలా 'లా' చేర్చడం అతని అలవాటు.

"అద్దం పోనాది లా, వదినా. పాత ఇనుం కొట్లో ఇచ్చేస్తాను. గీతలడ్డ అద్దం ఇంట్లో ఉంచితే ఏటి మంచిది?"

"అది ఇల్లు కదలదు. సాయంత్రం దాకా ఉండు, చూసి మాట్లాడు."

నాకు కోపం వచ్చింది. నేను ఏడిస్తే ఓదార్చడానికి అందరూ సిద్ధమే. చెబితే మాత్రం ఎవరూ వినరు.

ఆ అద్దంలో ఏ చిన్న భాగమైనా చంద్రుడి బొమ్మ మొత్తాన్నీ ఒకే చోటికి పంపుతుంది. గీత పడినంత మేర వెలుగు తగ్గుతుంది, కొంత చెదురుతుంది. బొమ్మలో గీత పడదు. ఎంత సన్నని వివరం కనిపిస్తుందన్నది అద్దం వెడల్పు మీద, దాని వంపు మీద ఆధారపడుతుంది. పీచు ఆ రెండింటినీ ఏమీ చేయలేకపోయింది. ఇక అడ్డుపడేది వేడికి కదిలే గాలి.

అద్దాన్ని మళ్లీ బిగించాం. మరలు తిప్పి దాన్ని సరిగ్గా నిలిపే పని ఆయన ఉన్నప్పుడూ నాదే. సిమెంటు వాకిలి పగటి వేడిని ఇంకా వదులుతోంది కాబట్టి, పామాయిల్ చెట్ల పక్కన గడ్డిలో పెట్టించాను. అద్దం బయటి గాలంత చల్లబడేదాకా ఆగాం. చీకటి పడగానే సగం చంద్రుణ్ణి పట్టాను.

మరిది కన్ను పెట్టాడు. "ఒణుకుతున్నాది వదినా."

"గాలి. ఆగు, కుదురుకుంటాది."

కుదురుకుంది. గుంటలూ వాటి నీడలూ తేటగా కనిపించినట్టున్నాయి, అతను కన్ను తీయలేదు. చంద్రుడి చుట్టూ పలచటి తెల్లని పొర ఒకటి ఉంది. అది గీతల వల్లేనని నేనే చెప్పాను.

"మరి గీతలేవి?"

"అద్దం మీదే ఉన్నాయి. అక్కడే ఉంటాయి."

అతను వ్యాను తాళాలు జేబులో వేసుకుని గొట్టానికి ఒక కొస పట్టుకున్నాడు. ఎక్కడ పెట్టమంటావని అడిగాడు.

"ఎప్పుడూ ఉండే చోటే," అన్నాను.