చెరిపే జాబితాలోకి ఎక్కిన బావుల టేపు

1968. మద్రాసులో ఒక కంప్యూటర్ కేంద్రంలో టేపు లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. గదంతా ఆక్రమించిన ఆ మెయిన్‌ఫ్రేమ్‌కు కొత్త లెక్కలు రాసుకోవడానికి స్క్రాచ్ టేపులు కావాలి. అంటే పాతది చెరిపి మళ్ళీ వాడేవి. ఏ నంబర్లు చెరపవచ్చో రోజూ ఉదయం నేను జాబితా ఇవ్వాలి. అందులో లేని టేపును చెరపడానికి యంత్రానికి ఎక్కించకూడదు. ఆ నియమం పెట్టించింది నేనే. ఏడాది గడువు దాటిన టేపులన్నీ జాబితాలోకి ఎక్కేవి.

ఒకరోజు పదకొండు గంటలకు నెల్లూరు నుంచి సుగుణమ్మ గారు వచ్చారు. వాకాడు వైపు తీర పల్లెల్లో బావినీళ్ళ ఉప్పదనం కొలిపించిన సర్వే అధికారి.

"వానకి ఆఫీసు కారి, మా కాగితాలన్నీ ముద్దయిపోయినాయి సార్. టేపు మీ దగ్గర ఉండాది గదా? మంచినీళ్ళ బావులు యాడ తవ్వాలో వచ్చే వారం తేల్చాల. రెండేళ్ళు తిరిగి కొలిచినాము."

"ఉంటుందమ్మా, కూర్చోండి" అంటూ డైరీ తెరిచాను. నంబరు 214. ఆ ఉదయమే నా చేత్తో దాన్ని జాబితాలో రాశాను.

ఆమెకేమీ చెప్పకుండా లోపలికి పరుగెత్తాను. అలమరలో 214 గడి ఖాళీ. నాలుగు టేపులు గిర్రున తిరుగుతున్నాయి. వాటి మీది చీటీలు చదవడానికి వీల్లేదు. ఆపరేటరు పెంచలయ్య కాగితం సర్దుతున్నాడు. జాబితాను లెక్కచేయడని అతని మీద నేను రెండుసార్లు ఫిర్యాదు రాశాను.

"పెంచలయ్యా, రెండువందల పద్నాలుగు ఎక్కించావా?"

"లిస్టులో మీరే రాసినారు గదన్నా."

"రాశానయ్యా! ఎక్కించావా, లేదా?"

"అరవబాకండన్నా. ఎక్కించబోయినా. చీటీ మీద మా వాకాడు పేరుండాది. మనూరి టేపు చెరిపేదేందని, అడుగుదామని పక్కన పెట్టినా. మీరేమో కాఫీకి పోయినారు. దీనికీ కంప్లైంటు రాస్తారా?"

టేపు ప్రింటరు పక్క బల్ల మీద ఉంది. దాని వెనక గాడిలో రైట్ రింగ్ అప్పటికే బిగించి ఉంది. ఆ ప్లాస్టిక్ చుట్టు ఉంటేనే యంత్రం టేపు మీద రాయగలదు. దాన్ని పీకేసి టేపు బయటికి తెచ్చాను.

టేపు చూడగానే సుగుణమ్మ గారు లేచి దణ్ణం పెట్టారు. "ఎంత జాగర్తగా పెట్టినారు సార్!"

"దాచింది మా ఆపరేటరు పెంచలయ్య గారమ్మా. చెరపమని రాసింది నేను" అన్నాను.

ఆమె టేపును రెండు చేతులా అందుకున్నారు. "రాసేముందు మాకొక ఉత్తరం ముక్క రాసుంటే సరిపోయుండేది గదా సార్" అన్నారు, కోపం లేకుండానే.

పదవీ విరమణ దాకా సొంతదారుకు ఉత్తరం రాయనిదే, జవాబు అందనిదే, ఏ టేపునూ జాబితాలో చేర్చలేదు. అలమరలు చాలక కొన్ని టేపులు నా కుర్చీ కిందికి చేరాయి. పై అధికారులు చాలాసార్లు కోప్పడ్డారు.