సెలూన్ బాబాయి మౌనం

నోటిని అదుపులో పెట్టుకున్నవాడికి సగం మోక్షం వచ్చినట్టేనని, వీధంతా సెలూన్ బాబాయి అని పిలిచే ఆ మనిషి ఏదో ప్రవచనంలో విన్నాడు. మర్నాటి నుంచి పనిలో ఉన్నంతసేపూ మౌనం పట్టాడు. అంతకుముందు ఆయన తిట్లు వినడానికే సగంమంది వచ్చి గడ్డం గీయించుకునేవాళ్ళు. ఇప్పుడు పెదవులు బిగించి, మనసులో రామనామం జపిస్తూ గీస్తున్నాడు.

కానీ మనసు కుదురుగా ఉంటేగా! రామా అనుకునేలోపే చూపు ఎదురు సెలూన్ మీద వాలేది. ఆ సెలూన్ వాడు ఏసీ పెట్టించాడు. తన పాత గిరాకీ అంతా ఒక్కొక్కరుగా ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోతోంది. చూసినకొద్దీ ఒళ్ళు మండేది. అయినా నోటి నుంచి మాట మాత్రం జారేది కాదు. కోపాన్ని గెలిచానని తనలో తనే మురిసిపోయేవాడు.

ఆ రోజు బావమరిది వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బాబాయి నురగ పూసి కత్తి అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే మరో పాత మొహం ఎదురు తలుపు తోసింది. బాబాయి జపం వేగం పెంచాడు.

"అబ్బా!" బావమరిది చెంప పట్టుకున్నాడు. నురగలో ఎర్రటి చార. "నీకు దండం పెడతాను బావా, నాలుగు తిట్లు తిట్టేసి గీయి. తిట్టే రోజుల్లో నీ చెయ్యి ఎంత తేలిగ్గా ఆడేదో! ఇప్పుడు చర్మం ఒలిచేస్తున్నావు."

బాబాయి అద్దంలోకి చూశాడు. పెదవులు బుద్ధిగా మూసుకునే ఉన్నాయి. కత్తి పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగుసుకుపోయి తెల్లబడ్డాయి.

"అందరికీ ఇలాగే గీస్తున్నానా?" మౌనం సంగతే మరిచిపోయి అడిగేశాడు.

"మరి వాళ్ళంతా ఏసీ కోసం పోయారనుకున్నావా?"