తెర కుడి అంచున

ఓపల్ సదోవ్‌స్కీ ప్రతి ఉదయం ఏడింటికి కాఫీ దిగేదాకా వంటింటి సింకు దగ్గర నిలబడి, చూపుడువేలితో స్టీలు అంచు మీద తడుతూ ఉంటుంది. ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. మళ్ళీ ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. కాఫీ దిగాక కూడా ఆ వేలు వెంటనే ఆగదు. కప్పు పట్టుకుంటే కప్పు మీద, పేపరు తీస్తే పేపరు మీద. బర్బాంక్‌లో ఆమె ఇంటి వెనక, గ్యారేజీ పైగదిలో నేను అద్దెకు దిగిన కొత్తలో ఆ చప్పుడు విని కొళాయి కారుతోందనుకున్నాను. బాగు చేయించమని అడగాలా వద్దా అని మూడు రోజులు తటపటాయించాను.

కూర్చోవడం ఆమెకు చేతకాదు. మధ్యాహ్నం రెండింటికి పాత ప్రేమ సినిమాలు వేసే చానెల్ పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించేస్తుంది. సోఫా చేతి మీద కాసేపు, గుమ్మం దగ్గర కాసేపు, ఇస్త్రీ బల్లకు ఆనుకుని కాసేపు. తెర మీద నాయకుడు నాయిక చెయ్యి పట్టుకుంటాడు. ఓపల్ వాళ్ళను చూడదు. వాళ్ళ భుజాల వెనక మసకగా తిరుగుతున్న జంటలను చూస్తుంది.

"అదిగో ఆకుపచ్చ గౌను, లోయిస్. ఆ రోజు దానికి ఒళ్ళు కాలిపోతోంది. అయినా నవ్వు చూడు," అంటుంది. మనం లోయిస్‌ను వెతికి పట్టుకునేలోపు షాటు అయిపోతుంది.

పదకొండేళ్ళు ఓపల్ అలా మసకగా తిరిగింది. ప్రేమ కథల్లో విందులకు, పెళ్ళిళ్ళకు, ఓడ మీది నాట్యాలకు వెనకాల ఉండాల్సిన మనుషుల్లో ఒకతె. జంటగా ఎమిల్ వచ్చేవాడు. ఎత్తుగా, నిటారుగా ఉండేవాడు. ఇలాంటి వేషాలకు మనుషుల్ని పిలిపించే ఆఫీసులో ఇద్దరి ఎత్తులూ కుదిరాయని పక్కపక్కన నిలబెట్టారు. మూడో సినిమా పూర్తయ్యేసరికి పెళ్ళి చేసుకున్నారు.

ఆ పనిలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఆ నాట్యాలన్నీ నిశ్శబ్దంగానే జరిగేవి. ముందు కాసేపు వాయిద్యం వినిపించి ఆపేసేవారు. నాయికా నాయకుల మాటలు మైకులో స్పష్టంగా పడాలి కదా. చెప్పుల అడుగున మందపాటి గుడ్డ అంటించేవారు. నలభై జంటలు, ఎనభై జతల కాళ్ళు, ఒక్క అడుగు చప్పుడు లేకుండా, లేని పాటకు ఆడాలి. పెదవులు కదపాలి, గొంతు రాకూడదు. ఓపల్‌కు మిగతావన్నీ వచ్చాయి గానీ పాట ఆగిన మరుక్షణం లెక్క తప్పేది. అందుకని ఎమిల్ ఆమె వీపు మీద వేసిన చేతి చూపుడువేలితో లెక్క తట్టేవాడు. ఒకటి గట్టిగా, రెండు మెల్లగా. ఆ వేలు ఉన్నంతసేపు ఆమె అడుగు తప్పలేదు.

ఇంకో సంగతి ఏమిటంటే, జంట గుండ్రంగా తిరుగుతున్నప్పుడు కెమెరా వైపు ఎవరి ముఖం వస్తుందనే దాని మీద మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ మధ్య నవ్వుతూనే కుస్తీ జరిగేది. ముఖం పడితే రేపు ఎవరైనా గుర్తుపట్టి ఒక మాట ఉన్న వేషం ఇవ్వవచ్చు. ఎమిల్ ఏనాడూ ఆ కుస్తీ పట్టలేదు. కెమెరా దగ్గరికి రాగానే అర అడుగు తిప్పి ఓపల్ ముఖం దానికి అప్పగించేవాడు. పదకొండేళ్ళ సినిమాల్లో ఆమె ముఖం ముప్పై చోట్ల ఉంది. అతని వీపు కూడా ముప్పై చోట్ల ఉంది.

వాళ్ళ చివరి సినిమా వియన్నా కథ, పంతొమ్మిది వందల యాభై ఐదులో తీసింది. ఆ రోజు పొద్దున్న బయల్దేరే ముందు ఎమిల్ రొట్టెల కంపెనీలో బండి నడిపే ఉద్యోగం ఉందని చెప్పాడు. ఈ పిలుపుల కోసం ఫోను పక్కన పడిగాపులు ఇక వద్దన్నాడు. ఓపల్‌కు అదే వారం ఎవరో ఒక చిన్న మాట వేషం ఆశ పెట్టారు. కోపంతో అనకూడని మాట అంది. నాకు చెప్పేటప్పుడు ఆ మాటను గోడ వైపు తిరిగి చెప్పింది.

"నీకేం పోయింది, ఈ ఊళ్ళో నీకు మొహం ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు. ఉన్నది వీపేగా, అది రొట్టెల బండిలో అయినా కూచుంటుంది."

ఎమిల్ టోపీ పెట్టుకుని కారు తీశాడు.

ఆ మధ్యాహ్నం షాటులో పాట ఆగింది. నాయికా నాయకులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఓపల్ వీపు మీద వేలు ఎప్పటిలా తడుతుందని ఎదురుచూసింది. తట్టలేదు. రెండు అడుగులు గాలిలో వేసింది, మూడోది అతని కాలి మీద వేసింది. కెమెరా ముందు ఎప్పుడూ తిప్పే అర అడుగు కూడా అతను తిప్పలేదు. ఆమె వీపు కెమెరాకు, అతని ముఖం కెమెరాకు. వాళ్ళు తెర కుడి అంచున ఉన్నారు, నాయికా నాయకులు బాగా చేశారు, కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆ షాటే ఉంచేశారు.

అంతమంది ముందు లెక్క ఆపేసి తనను పడెయ్యబోయాడు. మొహం లేదన్నందుకు మొహం చూపించాడు. ఓపల్ అలాగే అర్థం చేసుకుంది. మరుసటి వారం ఎమిల్ రొట్టెల బండి ఎక్కాడు. ఆ మాట వేషం రాలేదు, ఓపల్ కూడా మానేసి ఒక బట్టల దుకాణంలో చేరింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఇద్దరూ బాగానే ఉన్నారు. అతను రోజూ పొద్దున్నే ఒక వేడి రొట్టె ఇంటికి తెచ్చేవాడు. ఆమె అతని చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఎవరి పెళ్ళిలోనైనా బ్యాండు మొదలైతే మాత్రం ఓపల్ కాళ్ళ నొప్పులనేది. అతను ఒక్కసారి చెయ్యి చాచి, మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. ఆ రోజు ఎందుకలా చేశావని ఆమె అడగలేదు. అరవై తొమ్మిదిలో, బండి దిగుతూ దిగుతూ, గుండె ఆగి ఎమిల్ పోయాడు.

ఆ తర్వాత పట్టుకుంది ఆమెకు ఈ కాలు నిలవనితనం. ఆ షాటులో అతని ముఖం చూడాలి. ఆ ముఖంలో నిజంగా కోపమే ఉందా? ఇంట్లో ఫొటోలు చాలానే ఉన్నాయి, కానీ వాటిలో వేటిలోనూ ఆ రోజు లేదు. బతికుండగా ఆ సినిమా ఇద్దరూ చూడలేదు. ఆమె పంతంతో, అతను ఎందుకో. ఇప్పుడు చూద్దామంటే అది టీవీలో మాత్రమే వచ్చేది. వెడల్పు తెర కోసం తీసిన సినిమా టీవీ పెట్టెలో పట్టదు, రెండు వైపులా కోసేస్తారు. నాయికా నాయకులు నిక్షేపంగా మిగులుతారు. కుడి అంచు పోతుంది. ఓపల్ వీడియో కొని, ఆ సినిమా టేపు చేసి, ఆ చోటు ఆపి ఆపి చూసింది. పెట్టె అంచున పసుపు పచ్చ గౌను కుచ్చెళ్ళు ఒక బెత్తెడు కనిపించి పోతాయి, అంతే. అక్కడ టేపు నలిగిపోయింది కూడా. ముందు టీవీలో, తర్వాత టేపులో, పదహారేళ్ళు ఆమె ఆ బెత్తెడే చూసింది.

కిందటి అక్టోబరులో ఎదురింటి మేవిస్ ఒక కాగితం ఊపుకుంటూ వచ్చింది. మేవిస్ కూడా వెనకాల నిలబడ్డ మనిషే. రైలు స్టేషను వీడ్కోళ్ళలో టోపీల పెట్టె పట్టుకుని నడవడంలో ఆమెను మించినవాళ్ళు లేరని తనే చెప్పుకుంటుంది. శాంటా మోనికాలో పాత సినిమాలు వేసే థియేటరు వాళ్ళ నెల పట్టిక అది. మూడో ఆదివారం మధ్యాహ్నం, వియన్నా కథ, పూర్తి వెడల్పుతో.

ఓపల్ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించింది. తీసింది. మళ్ళీ అంటించింది. వెళ్ళనని ఆ వారంలో నాలుగుసార్లు చెప్పింది. కోపం ఉందని తెలిస్తే ఇక చేసేదేముంది, తెలియనప్పుడు కనీసం అనుకోవడానికైనా వీలుంది అని నాతో ఒకసారి అంది. ఆదివారం పన్నెండింటికల్లా నా తలుపు తట్టి, కారు తీస్తావా అని అడిగింది. అప్పటికే కోటు వేసుకుని ఉంది.

థియేటరు నిండింది. సగం మంది నా వయసువాళ్ళు, ఆ సినిమా వచ్చినప్పుడు పుట్టనివాళ్ళు. ఒక జంట పాత బజారులో కొన్న తెల్ల చేతితొడుగులు వేసుకుని వచ్చింది. మేవిస్ మొదటి పాటకే చేతిరుమాలు తీసింది. ఓపల్ ఆమెను మోచేత్తో పొడిచింది.

"ఆ మంచు సబ్బు పొరలే మేవిస్. నీ కళ్ళలో పడి వారం రోజులు మండాయి, మర్చిపోయావా?"

"మండినప్పుడు నేను పనిలో ఉన్నానే. ఇవాళ టికెట్టు కొనుక్కుని వచ్చా. నన్ను ఏడవనీ."

నేను మామూలుగా సినిమాలో ఎక్కడ ఏడవాలో తెలియక పక్కవాళ్ళను చూసే రకం. ఆ రోజు మాత్రం హాలంతా ఒకేసారి మారింది. నాయకుడు ఒక మాట అనబోతుంటే వెనక వరసల్లో కుర్రవాళ్ళు ఆ మాటను ముందే పెదవులతో అన్నారు. ఎగతాళికి కాదు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ అలా మాట్లాడటం లేదు కాబట్టి, ఎవరైనా తమతో అలా మాట్లాడితే బాగుండునని. వంకీల జుట్టు, పేపరు పూలు, రంగు వేసిన ఆకాశం, అవన్నీ అబద్ధమని చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఆ చూపు అబద్ధమని మాత్రం ఎవరూ అనుకోవడం లేదు.

ఓపల్ మాత్రం సీట్లో కదులుతూనే ఉంది. కోటు విప్పింది, వేసుకుంది. బాగా ఆడి అరిగిన ప్రింటు, రంగులన్నీ గులాబీ లోకి దిగిపోయాయి. మధ్య మధ్య తెగిన చోట బొమ్మ ఎగిరి ముందుకు దూకుతోంది. అలా దూకినప్పుడల్లా ఆమె నా మణికట్టు పట్టుకునేది. ఆ చోటే తెగిపోయి ఉంటే?

నాట్యశాల వచ్చింది. ఓపల్ లేచి నిలబడింది. వెనకనుంచి ఎవరో కూర్చోమన్నారు. ఆమె కూర్చోకుండా పక్క దారిలోకి వెళ్ళి, గోడ పట్టుకుని, తెర కుడి అంచుకు ఎంత దగ్గరగా వెళ్ళగలదో అంత దగ్గరికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను.

మధ్యలో నాయికా నాయకులు మాట్లాడుకుంటున్నారు. కుడి అంచున ఒక పొడుగాటి మనిషి, అతని చేతుల్లో పసుపు పచ్చ గౌను. గౌను ఒక్కసారి తూలింది. అతను ఆగాడు. తిప్పబోయిన అడుగును మధ్యలో ఆపి, ఆమెను నిలబెట్టాడు. అతను కెమెరా వైపు చూడలేదు. తల వంచి ఆమె భుజం మీదుగా కిందకి, ఆమె పాదాల వైపు చూస్తున్నాడు. ముఖంలో కోపం లేదు. నడక నేర్చుకుంటున్న పిల్లను చూసే కంగారు ఉంది. ఆమె వీపు కెమెరా వైపు ఉంది కాబట్టి దాని మీద అతని చెయ్యి మొత్తం కనిపిస్తోంది. ఆ చేతి చూపుడువేలు ఒకటి గట్టిగా, రెండు మెల్లగా తడుతోంది. తర్వాత మూడూ గట్టిగా. తర్వాత వేలు కాదు, అరచెయ్యి మొత్తం. అలా నాలుగు క్షణాలు. తర్వాత నాయిక కన్నీళ్ళు తెర నిండా వచ్చాయి.

హాలంతా ముక్కులు చీదుతున్న చప్పుడు. ఓపల్ గోడకు ఆనుకుని తన వీపు మీదికి చెయ్యి వెనక్కి తిప్పి, అందినంత మేర తడుముకుంటోంది.

బయట ఎండలో నిలబడ్డాక ఆమె మొదట అడిగింది మేవిస్‌ను.

"తడుతూనే ఉన్నాడు. మరి నాకెందుకు తెలీలేదు?"

మేవిస్ ఆమెను పైనుంచి కిందకి చూసింది. ఆ సినిమాలో ఆడవాళ్ళందరికీ పాత కాలపు వేషం. గౌను లోపల మెడ కింద నుంచి నడుము దాకా ఉక్కు పుల్లలు కుట్టిన బిగుతు తొడుగు వేశారు. అంతకు ముందు వాళ్ళు చేసినవన్నీ పట్టు గౌనులు, వీపు సగం ఖాళీ.

"ఆ ఇనప బోను వేసుకుని ఉన్నావు కదే పిచ్చిదానా," అంది మేవిస్. "గుర్రం తన్నినా తెలిసేది కాదు. నేను ఆ రోజు రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను. అడగకపోయావా?"

"ఎవర్ని?"

మేవిస్ కారు దగ్గరికి వచ్చేదాకా ఓపల్ చేతిసంచి పట్టుకుని నడిచింది.

దారిలో ఓపల్ రెండుసార్లు కారు ఆపమంది, రెండుసార్లూ దిగకుండానే పోనిమ్మంది. ఆమె మనసు తేలికపడుతుందని నేను అనుకున్నాను. అలా జరగలేదు. ఆ రాతిముఖం పెట్టి పద్నాలుగేళ్ళు రొట్టె అందుకున్నాను అని ఒకసారి అంది. చెయ్యి చాచేవాడు కదా అని ఇంకోసారి. మా వీధి మలుపు తిరిగాక, ఆ సినిమా మళ్ళీ ఎప్పుడు వేస్తారో థియేటరుకు ఫోను చేసి కనుక్కోమని నన్ను అడిగింది. నాకు ఫోనులో కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే భయం. అయినా ఇంటికి రాగానే చేశాను. మళ్ళీ ఇక్కడ వెయ్యరట, ఆ ప్రింటు ఒక్కటే ఉందట, ఊరూరూ తిరుగుతుందట. ఏ ఊరు తర్వాత ఏ ఊరో వాళ్ళు చదివి చెబుతుంటే ఓపల్ నా పక్కన నిలబడి రాసుకుంది.

సింకు దగ్గర ఆ వేలు ఇప్పుడూ తడుతోంది. టీవీ పెడితే శబ్దం కూడా పెడుతోంది. నవంబరులో శాన్ డియేగో వెళ్ళి వచ్చింది, ఫిబ్రవరిలో ఫ్రెస్నో. అరవై రెండేళ్ళ మనిషి ఒక్కతే బస్సులో అంత దూరమేమిటని మేవిస్ తిడుతుంది, మళ్ళీ తనే దారికి శాండ్‌విచ్‌లు కట్టి ఇస్తుంది. ఈ నెల పద్నాలుగున ఆ ప్రింటు శాంటా బార్బరాలో ఆడుతోంది. ఓపల్ బస్సు టికెట్టు కొనుక్కుంది.