గరిటెముక్కు ఉల్లంకికి రుజువు

భూముల దస్తావేజులకు నకళ్లు రాసే ఆఫీసులో ముప్పైయొక్క సంవత్సరాలు పనిచేసి విరమించిన ఆయనను ఊరంతా నకలుగారు అనే పిలిచేది. అసలుతో అక్షరమక్షరం సరిచూడనిదే ఏ కాగితం కిందా ఆయన సంతకం పడేది కాదు. అరుదైన పిట్టలను వెతుక్కుంటూ ఊళ్లు తిరిగి ఫొటోలు తీసే వ్యాపకంలోనూ ఆయనది అదే పట్టుదల. జీవితంలో చూసిన ప్రతి పిట్టకూ రిజిస్టరులో ఒక వరుస ఉండేది: సంఖ్య, తేదీ, వేళ, స్థలం, చూసినవారి పేరు, చివరి గడిలో అతికించిన ఫొటో. ఫొటో లేనిదే నమోదు లేదు.

ఆ నియమానికి మొదట బలైనవాడు సొంత బావమరిదే. గడియారాలు బాగుచేసే అతని కళ్లు వెంట్రుకంత తీగనైనా పట్టేస్తాయి. ఇద్దరూ కలిసే తిరిగేవారు, రిజిస్టరూ ఉమ్మడిదే. పన్నెండేళ్ల కిందట అతనొక్కడే సముద్రపు బురదమేట మీదికి వెళ్లి, గరిటెముక్కు ఉల్లంకిని చూసి వచ్చాడు. పిచ్చుకంత పిట్ట, ముక్కు చివర మాత్రం గరిటెలా వెడల్పు. ఫొటో లేదు. నకలుగారు ఎర్రసిరాతో "రుజువు లేనందున త్రోసిపుచ్చడమైనది" అని రాశాడు. అక్క మధ్యలో పడి నచ్చజెప్పేదాకా, రెండేళ్లపాటు బావమరిది ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు రిజిస్టరులో రెండువందల తొంభైతొమ్మిది పిట్టలున్నాయి. సోమవారం నకలుగారి కుడికంటికి ఆపరేషను. ఎడమకన్ను ఎప్పుడో మసకబారింది. "చూపు నిలుస్తుందని మాట ఇవ్వలేను" అని డాక్టరు ముందే తేల్చేశాడు. గరిటెముక్కు మళ్లీ అదే మేట మీద వాలిందని శుక్రవారం కబురు వచ్చింది. శనివారం తెల్లవారేసరికి ఇద్దరూ పడవలో ఉన్నారు.

"ఎనిమిదింటికి పోటు మొదలవుతుంది," అన్నాడు పడవవాడు వాళ్లను బురద అంచున దించుతూ. "నేను కేకేస్తే పరుగున రావాలి. ఇక్కడ నీళ్లు ముందునుంచి రావు, వెనకనుంచి చుట్టుకుంటాయి."

పిక్కలదాకా దిగబడే బురదలో కెమెరా స్టాండు నిలబెట్టి రెండు గంటలు కాచారు. ఎదురుగా వందలాది ఉల్లంకులు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. నకలుగారి కంటినుంచి నీరు కారుతోంది. తుడుచుకున్న కొద్దీ పిట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఎనిమిది దాటింది. వెనకాల, తాము నడిచి వచ్చిన అడుగుల గుంటలలో నీరు మెరవసాగింది.

"కదలకండి బావగారూ," బావమరిది గొంతు తగ్గించాడు. "రాయికి ఎడమవైపు. ఒంటరిగా ఉంది చూడండి."

కనిపించింది. తల వంచి, ముక్కును పలుచని నీటిలో అటూ ఇటూ ఆడిస్తూ, ఇల్లు ఊడ్చుకుంటూ పోయే మనిషిలా నడుస్తోంది. గరిటె స్పష్టంగా తెలిసింది. ఆ క్షణాన ఆయన చెయ్యి కెమెరా మీదికి పోవలసింది. కాని ఏ కాగితం వచ్చినా ముందు దానిమీద వేళ వేసి, ఆ తరువాతే తెరిచి చూసిన చెయ్యి అది. జేబులోని పెన్ను తీసి, గడియారం చూసి, ఎడమ అరచేతిలో "8.14" అని వేసింది.

తలెత్తేసరికి పిట్ట వెనక్కు తిరిగి, ముక్కు రెక్కలో దాచుకుంది. మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అల ఒకటి రాయిని తాకింది; గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది. కెమెరాలో మిగిలింది ఒక బూడిదరంగు వీపు. అది ఏ ఉల్లంకిదైనా కావచ్చు.

"అయ్యా! వచ్చేయండి!" పడవవాడి కేక.

"రాసేయండి బావగారూ. నేను చూశాగా, నేనే సాక్షిని."

"ఆనాడు నీ మాట చెల్లనప్పుడు ఈనాడు నాకెలా చెల్లుతుందోయ్?"

నీరు మోకాళ్లకు వచ్చింది. నకలుగారు కదలలేదు. సంచిలోనుంచి రిజిస్టరు తీసి, పన్నెండేళ్ల కిందటి పుట తెరిచాడు.

"ఇక్కడా? ఇప్పుడా? మతి ఉందా మీకు!"

"సోమవారం తరువాత ఈ ఎర్రరాతలు నాకు కనపడకపోవచ్చు. పట్టుకో."

చెరపడం ఆయన ఎరగని పని. తన ఎర్రమాటల మీదుగా ఒకే గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, "పునఃపరిశీలనలో ఆమోదించడమైనది. సంఖ్య 300" అని రాశాడు. చూసినవారి గడిలో బావమరిది పేరు అలాగే ఉంది.

"అయ్యా, మీరు మునిగితే మునగండి, పుస్తకమైనా ఇటు విసరండి!" అని పడవవాడు అరిచాడు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నడుములోతు నీటిలో తూలుతూ, రిజిస్టరును నెత్తిన పెట్టుకుని ఎలాగో పడవెక్కారు.

పడవ కదిలింది. బావమరిది రిజిస్టరు లాక్కున్నాడు.

"ఆ పిట్ట ఎలా తింటుంటే చూశారు?"

"ఊడుస్తున్నట్టు. పొడవదు."

"ఆ రోజు నేను చెప్పిందీ ఇదే. మీరు రాసుకుంటేనా!" అంటూ అతను పెన్ను అడిగి తీసుకున్నాడు. "చెయ్యి చాపండి. నకలు తీసుకోవాలి."

తడిసినా అరచేతిలో అంకెలు నిలిచాయి. అతను మూడువందల సంఖ్య కిందనే బావగారి పేరు, తేదీ, వేళ రాసి, ఫొటో అతికించవలసిన చివరి గడిలో రుజువుగా తన సంతకం పెట్టాడు. నకలుగారు పుటను ముక్కుకు ఆనించుకుని సరిచూశాడు.

"ఎనిమిది పదిహేనని వేశావేం?"

"మీ గడియారం నిమిషం వెనక. బాగుచేసేది నేనేగా!"

"అసలులో పద్నాలుగుంది. దిద్ది పొట్టి సంతకం చెయ్యి," అన్నాడు నకలుగారు, అరచెయ్యి మళ్లీ చాపుతూ.