ఇష్టంతో పోయిందని రాసిన కాగితం

భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయే తొవ్వలోనే మా పెద్దక్క ప్రాణం పోయిందని పోయిన నెల ఫోన్ వచ్చింది. టేకుమట్ల దగ్గర మిరప చేనులో, మిట్టమధ్యాహ్నం, సాలు నడుమ కూలబడిందట. వడదెబ్బ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. చనిపోయినవాళ్ళను తలచుకునేటప్పుడు కక్ష పెట్టుకోవద్దంటారు. నాకు ఉంది. ఎవరి మీదనో కూడా చెబుతాను.

ఆమె నా తోడబుట్టింది కాదు. నర్మెట్ట దగ్గర మా ఊళ్ళో మా పక్కిల్లు. వానలు తప్పి, బోర్లు దుమ్ము పోసిన ఏటి నుంచి మమ్మల్ని ఇరవై మంది ఆడవాళ్ళను గుంపు కట్టి, మిరపకాయ ఏరడానికి మహబూబాబాద్ వైపు తీసుకుపోయేది. గుంపుకు పెద్ద కాబట్టి అందరికీ పెద్దక్కే. ట్రాక్టర్ ఎక్కాక ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, అందరూ వచ్చారో లేదో చూసుకునేది. నాకేమో ప్రతిదానికీ భయం. తాళం పడిందో లేదో, పొయ్యి ఆరిందో లేదో. ఆమె విసుక్కోకుండా దిగి, నేను చూస్తుండగా తాళాన్ని మూడుసార్లు గుంజి వచ్చేది.

"నీ భయాన్ని లోపట పెట్టి తాళమేసిన. అదే ఇల్లు కాస్తది. రా చెల్లె" అనేది.

పొద్దుగూకి చేను నుంచి వచ్చాక మా చేతులు నిప్పుల్లా మండేవి. అందరి చేతుల మీదా మజ్జిగ పోసి, గిన్నె అడుగున మిగిలిన చుక్కలు తాను రాసుకునేది.

మా దగ్గర ఒక పట్టింపు ఉంది. వలస పోయే రోజు గడప మీద ఏడవకూడదు, పోక తప్పలేదని అనకూడదు. అంటే ఆ ఇంటికి మళ్ళీ రారంటారు. ఎవరడిగినా సంతోషంగా పోయొస్తమనే చెప్పాలి. ఆ పట్టింపే మా కొంప ముంచింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఒక పొద్దున మూటలు ఎక్కిస్తుంటే జీపు వచ్చి ఆగింది. వానలు లేని ఊళ్ళ నుంచి జనం ఎందుకు వలస పోతున్నారో రాసుకుని, పెద్ద పెద్ద దేశాల వాళ్ళు కూర్చునే సభలకు పంపుతారట. దిగినాయనది కోస్తా మాట. పెద్దక్క అప్పుడే డ్రైవర్‌ను పిలవడానికి పోయింది. గడప మీద నేనున్నాను.

"ఇష్టపూర్వకంగానే వెళ్తున్నారా అమ్మా?"

చెడుమాట నోట్లోంచి వస్తే ఏమవుతుందోనని గబగబా అనేశాను. "ఇష్టంతోనే పోతున్నం సారూ."

"ఎవరైనా వెళ్ళగొట్టారా?"

"ఎవ్వలు గొడ్తరు? మేమే సంతోషంగ పోతున్నం."

నా వెనక అందరూ అదే మాట అన్నారు. ఆయన టిక్కులు పెట్టుకుని పోయాడు.

మరుసటి ఏడు ఆ జీపు సారే జనగామలో మీటింగు పెట్టి, అచ్చువేసిన పుస్తకం చదివి వినిపించాడు. మా ఊళ్ళవాళ్ళు కరువును తట్టుకోవడానికి వలసను ఇష్టపడి ఎంచుకున్నారట. అది మంచి ఉపాయమట. కాబట్టి మాకు కావలసింది చెరువు పూడిక తీయడం కాదు, బయట పని దొరికే శిక్షణ అట. బాగుచేసే చెరువుల జాబితాలో మా చెరువు లేకుండా పోయింది.

పెద్దక్క లేచి నిలబడింది. "సారూ, ఎండ మమ్ముల ఎల్లగొట్టింది. గది రాయి."

"ఎవరైనా చంపుతారని, హింసిస్తారని భయపడి దేశం దాటినవాళ్ళే శరణార్థులమ్మా. ఎండకు వెళ్ళినవాళ్ళకు అంతర్జాతీయ చట్టంలో పేరే లేదు. అయినా మీవాళ్ళే చెప్పారుగా, 'ఇష్టంతోనే పోతున్నం సారూ' అని" అంటూ ఆయన నా గొంతును, మా యాసను దించాడు. హాలంతా నవ్వింది.

"మాకు చట్టం లేదు సరే. ఎండకు ఏ చట్టమున్నది సారూ, మా మీదనే పడాలని?" అని అడిగి ఆమె బయటికి వచ్చేసింది.

తప్పు నాదేనని బస్సులో ఏడ్చాను. "నీది గాదు. ఇల్లు ఇడిసేటోళ్ళను గడప మీద గట్ల అడిగెటోనిది తప్పు. నేనైతె ఇడువ" అంది.

విడవలేదు. ఉద్యమం కోసం జనగామ రోడ్డుకు అడ్డంగా కూర్చుని, అక్కడే వండుకు తినే వంటావార్పు పెట్టిన రోజు, ఆగిపోయిన బండ్లలో ఆయన జీపు కనబడింది. పెద్దక్క పోయి, చెయ్యి పట్టుకుని తెచ్చి విస్తరి ముందు కూర్చోబెట్టింది.

"ఇష్టంతోనే కూసున్నవా సారూ?"

"బండి మీరే కదమ్మా ఆపారు."

"ఎవ్వలన్న కొట్టిన్రా?"

"లేదు."

"కత్తి సూపెట్టిన్రా?"

"లేదమ్మా."

"మరింకేంది. చెల్లె, రాసుకో. సారు సంతోషంగ మా రోడ్డు మీదికి వలసొచ్చిండు. ఆకలిని తట్టుకునే ఉపాయమట."

ఆడవాళ్ళం పడీపడీ నవ్వాం. ఆయన తల వంచుకుని తిన్నాడు. పుస్తకం మాత్రం మార్చలేదు. ఆ తర్వాత కూడా మేం కూలికి పోతూనే ఉన్నాం, ఏటేటా ఇంకా దూరం. ఈసారి నాకు జ్వరం వచ్చి ఆగిపోయాను. ఆమె పోయింది.

శవాన్ని ఊరికి తెచ్చాక నేనే స్నానం చేయించాను. ఆమె వేళ్ళకున్న మిరప ఘాటు నా చేతులకు అంటి రెండు రోజులు మండింది. కడుక్కోబుద్ధి కాలేదు.

పోయిన వారం ఆయనే మళ్ళీ వచ్చాడు, రెండోసారి లెక్క రాసుకోవడానికి. పెద్దక్క ఇంటి ముందు నిలబడి ఈ ఇంటామె ఏదని నన్నడిగాడు. టేకుమట్ల చేనులో చచ్చిపోయిందన్నాను. అయ్యో అన్నాడు. అంటూనే 'స్వచ్ఛంద వలస' అని అచ్చువేసిన గడి మీదికి కలం తెచ్చాడు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. కేసు పెడతారేమో, పింఛను ఆపుతారేమో అని భయం. భయపడుతూనే పట్టుకున్నాను.

"ఎండ ఎల్లగొట్టిందని రాయి. ఎండే సంపిందని రాయి. తెలుగుల రాయి, నేను సదువుకుంట."

"దానికి గడి లేదమ్మా."

"గడి పక్కన జాగ ఉన్నది."

రాశాడు. నాకున్నది నాలుగో తరగతి చదువే. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని మొత్తం చదివాకే చెయ్యి వదిలాను. ఆ సభల్లో ఎవరైనా చదువుతారో, దారిలోనే చించేస్తారో నాకు తెలియదు. రాత్రిళ్ళు అదే గుబులు.

ఆయన జీపు వైపు తిరిగాడు. ఎదురింటామె వాకిట్లోకి వచ్చి "మా ఇంట్ల గూడ గదే రాయి సారూ" అంది. ఆ పక్కామె కూడా వచ్చింది. వాడ పొడుగునా ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. చెమట కాగితం మీద పడుతుంటే తుడుచుకుంటూ రాస్తున్నాడు. ఒకసారి తలెత్తి, పెదాలు తడుపుకుని, నా చేతిలోని చెంబు వైపు చూశాడు. నిండు చెంబు. నేను ఇవ్వలేదు.