నిట్టాడు మొదట్లో పుట్ట

దేవతకు పోసిన పాలు చెదలు తాగాయని చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను తిడతారు. తిట్టనీ. తాగింది చెదలే.

డెబ్బైల చివర, సత్తుపల్లి పక్క మా పెంకుటింటి వంటగదిలో, నిట్టాడు మొదట్లో పుట్ట లేచింది. నిట్టాడంటే దూలాన్ని మోసే నడిమి స్తంభం. ఇంటి బరువంతా దాని మీదే. దాని పక్కనే అమ్మ పొయ్యి.

ఇల్లు కాపాడుకోవడం మావాళ్ళకు తెలియని విద్య కాదు. ఎండాకాలం కప్పెక్కి పెంకులు తిరగెయ్యాలి, పగిలినవి మార్చాలి. తొలకరికి ముందే చూరు నీళ్ళు పోవడానికి కాలువ తియ్యాలి. వానలు వెలిశాక నాని రాలిన గోడకు మట్టి మెత్తాలి. చలికాలంలో వాసాలకు చెదలు పట్టకుండా కాలిన ఇంజనాయిలు పుయ్యాలి. ఇవన్నీ తెలిసీ వాళ్ళు చేసేదల్లా శుక్రవారం గడపకు పసుపు రాయడం. పైన పసుపు మెరిసేది, అడుగున చెదలు గడపను తినేవి. పెంకులు తిరగేద్దామంటే మూఢం, మూఢం పోతే ఆషాఢం. వానకు పంచాంగం చదవడం రాదు గనక అది మాత్రం వేళకు వచ్చేది.

పుట్ట మోకాలెత్తు పెరిగేసరికి ఊరి ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో వంటగదిలోకి బారులు తీరారు. మా మేనత్త నాయనతో, "పుట్ట లేచిన ఇల్లు లచ్చిమి ఇల్లు తమ్ముడూ. తవ్వినవా, వంశం ఆగమైతది" అంది. నాయన మురిసిపోయాడు. అదే పుట్ట చేలో లేస్తే నాగలికి అడ్డమని పెకిలించి గట్టు మీద పారేసే మనిషి. ఇంట్లో లేచేసరికి అదే మట్టి నాగమ్మ అయింది.

నేనప్పుడు పాల్వంచ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాణ్ణి. సెలవుకు వచ్చి నిట్టాడును తట్టి చూశాను. డొల్లగా మోగింది. నొక్కితే బొటనవేలు లోపలికి దిగింది.

"నాయనా, ఇది పడితే అమ్మ మీదనే పడ్తది."

"నాగమ్మ ఉన్న కాడ ఏదీ పడదు. నాలుగు ముక్కలు చదివి నాకే చెప్తున్నవా?"

"అది నాగమ్మ కాదు, చెదలు."

"అవ్, నీ కండ్లకు అన్నీ పురుగులే కనబడ్తయి."

అమ్మ ఎసరు పెడుతూ తలెత్తి దూలం వైపు చూసింది. ఆ సెలవు రోజుల్లో ఆమె అలా పైకి చూస్తూనే వండింది.

నా సెలవు అయ్యేలోపే ముసురు పట్టింది. ఓ పొద్దున దూలం కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది. పెంకులు జారి అన్నం గిన్నెలో పడ్డాయి. దానికి నాయన కనిపెట్టిన మరమ్మతు ఏమిటంటే, రేపటి నుంచి పుట్టకు పాలతో పాటు కోడిగుడ్డు.

అమ్మ లేచింది. దూలం కింద దుంగ ఆనించమని నాకు చెప్పి, దొడ్లోంచి గడ్డపార తెచ్చింది.

"ఏందే గది! పాము లేస్తది!" అని నాయన అరిచాడు.

"లేవనీయండి. ఇన్నాళ్ళు పోసినట్టే దానికీ ఇన్ని పాలు పోస్త. నేను దూలం కింద పడి చస్తే మీకు బువ్వెవరు వండి పెడ్తరు? మీ నాగమ్మనా?"

తవ్వింది. పాము లేదు. తడిసిన మట్టి గూళ్ళు, వాటి నిండా తెల్లగా కదిలే చెదలు, అడుగున వేలెడు లావున్న రాణి పురుగు. మేనత్త తొంగి చూసి, "మహాతల్లి ముందే ఎల్లిపోయింది" అని చెంపలు వేసుకుంది. లేని పాము వెళ్ళిపోవడం కూడా మహిమే! ఈ తర్కానికి ఎన్నడూ ఓటమి లేదు. కూలితే ఇల్లు కూలుతుంది గానీ ఇది కూలదు.

నల్లమద్ది నిట్టాడు కొత్తది నిలబెట్టాం. నాయన దాని నెత్తిన బొట్టు పెట్టాడు. అమ్మ దాని మొదలంతా ఇంజనాయిలు పూసింది. ఇల్లు బొట్టు వల్లే నిలిచిందని నాయన కడదాకా చెప్పుకున్నాడు. ఆమె మాత్రం చలికాలం రాగానే, ఇంజనాయిలు డబ్బా తెమ్మని నాకు కబురు పెట్టేది.

వండేటప్పుడు ఆమె తలెత్తి పైకి చూడడం మళ్ళీ నేను చూడలేదు.