వదిన గుండె, అన్న పరువు

మా వదిన ఛాతీ మీద ఈసీజీ తీగలు అతికించబోతున్న నర్సు చేతిని మా అన్న పట్టుకుని పక్కకు నెట్టాడు. నర్సు మగవాడు.

"చెయ్యి తియ్ పా. ఆడోళ్లెవురూ లేరా ఈడ?"

"సిస్టర్ పైన మగవాళ్ల వార్డులో ఉండారన్నా. ఇది ఆగే పని కాదు. తెర వేసేసినా, దుప్పటి కిందనే పెట్టేస్తా" అన్నాడు నర్సు.

వదిన చెమటతో తడిసిపోయింది. ఎడమ చెయ్యి లాగేస్తోందని ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ చెబుతూనే ఉంది. "పెట్టనీండి. నొప్పి నాది గదా" అంది.

"నువ్వు సుమ్మా ఉండు, మాట్లాడాకు" అన్నాడు అన్న.

నేను అతని భుజం పట్టుకుని లాగాను. "ఆమె ఒప్పుకుంటోంది. వద్దనడానికి నువ్వెవరు?"

"కట్టుకున్నోణ్ణి రా" అంటూ మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. నర్సు సిస్టర్ కోసం పైకి ఫోన్ చేశాడు. ఎదురుచూపులోనే అరగంట గడిచింది.

అది చెన్నై తొండియార్‌పేటలో మా ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న ఆసుపత్రి. అన్నది పప్పుల హోల్‌సేల్ వ్యాపారం, అక్కడ అందరూ ఎరిగినవాడే. అంతకు ముందటేడు ప్రోస్టేట్ ఆపరేషన్ అదే ఆసుపత్రిలో చేయించుకున్నాడు. మూత్రం గొట్టం మార్చడం, ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం అన్నీ ఆడనర్సులే చేశారు. అప్పుడు పరువు గుర్తుకు రాలేదు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర అదొక కబురు.

"రాజా మాదిరి పండుకున్నా. పాప వచ్చి అన్నీ చేసిపెట్టింది."

"ఇంకో వారం ఉండాల్సింది గదన్నా" అన్నాడు పక్క కొట్టు యజమాని. పకపకా నవ్వారు. వదిన సాంబారు వడ్డిస్తోంది.

పత్రికలో చాలా ఏళ్లు ఆసుపత్రుల వార్తలు రాశాను. మందులు లేవని రాశాను, మంచాలు లేవని రాశాను. మంచం ఉండి, మిషను ఉండి, పని తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఒక ఆడమనిషికి వైద్యం అందకపోవడం మాత్రం మాకెప్పుడూ వార్త కాలేదు. దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు మరి.

సిస్టర్ కంటే ముందు డాక్టరు వచ్చాడు. ఆయనా మగవాడే. అన్న చేతులు కట్టుకుని తప్పుకున్నాడు. డాక్టరు వదిన రవిక కింద స్టెతస్కోపు పెట్టి చూస్తున్నంతసేపూ వినయంగా నిలబడ్డాడు.

"ఇప్పుడు పరవాలేదా?" అన్నాను.

"డాక్టరు వేరే రా. ఆయన చదువుకున్నోడు."

"ఆ నర్సు చదువుకోకుండా వచ్చాడా?"

"ఈసీజీ ఏదీ?" అని డాక్టరు అడిగితే, అన్న తియ్యనీలేదని నర్సు చెప్పాడు. అప్పటికి సిస్టర్ తడి చేతులు తుడుచుకుంటూ పరుగున దిగి వచ్చింది. కాగితం బయటికి వస్తుండగానే డాక్టరు ముఖం మారిపోయింది. గుండెపోటు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు.

అంబులెన్స్ కోసం చూస్తూ, మగవాళ్ల వార్డుకు ఈ మగనర్సు బ్రదర్‌నే పంపవచ్చు కదా అని సిస్టర్‌ని అడిగాను.

"పంపితే ఒప్పుకోరు సార్. ఒళ్లు తుడవడానికి ఆడపిల్లని పంపమంటారు. కింద ఆడపేషెంట్ల దగ్గర బ్రదర్ వద్దంటారు. రెండు చోట్లా నేనే."

"నాకేమో జీతమిచ్చి స్ట్రెచర్ తోయిస్తా ఉండారు" అన్నాడు బ్రదర్. అతను నవ్వాడు కానీ ఆమె నవ్వలేదు.

పైన మగవాడి ఒంటికి ఆడచెయ్యే కావాలి. కింద భార్య ఒంటికి మగచెయ్యి తగలకూడదు. రెండూ మగవాళ్ల కోరికలే.

పెద్దాసుపత్రిలో స్టెంట్ వేశారు. ఆలస్యం వల్ల గుండె కండరం కొంత చచ్చిపోయిందని, అది తిరిగి రాదని చెప్పారు. వదిన బతికింది. ఇక ఆమె మేడ మెట్లు ఎక్కలేదు, నీళ్ల బిందె ఎత్తలేదు.

చిన్నాసుపత్రి మేనేజరుకు జరిగింది చెప్పి, ఇలా మళ్లీ జరగకుండా చూడమన్నాను. ఆయన చూశాడు. ఆడవాళ్లకు ఈసీజీ ఆడనర్సే తీయాలని నియమం పెట్టాడు. "చూసినావా, నా మాటే నెగ్గింది" అన్నాడు అన్న.

వదిన నెలనెలా పరీక్షకు వెళ్లేది ఆ ఆసుపత్రికే. షిఫ్టుకు ఆడనర్సు ఇప్పటికీ ఒక్కరే. ఆమె పైన ఉన్నప్పుడు కింద ఈసీజీ ఎవరు తీస్తారని మేనేజర్ని అడిగాను. ఆయన ఇంకా చెప్పలేదు.